పాప్ రాక్: రెండు నదుల సంగమమా, ఒకే నది పాయలా?

ఈ ఎపిసోడ్‌లో మాట చాలా చిన్నది: పాప్ రాక్. మీ ఫోన్‌లో ఏ మ్యూజిక్ యాప్ తెరిచినా ఈ పేరుతో ఒక ప్లేలిస్ట్ ఉంటుంది. కానీ అసలు అదేంటో చెప్పమంటే చాలామంది, "పాప్‌నీ రాక్‌నీ కలిపితే వచ్చేది" అని ఆగిపోతారు. అది తప్పు కాదు. కానీ అందులో సగం కథ దాక్కుని ఉంది. ఆ సగం కథ చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను.

ముందు నా సొంత సంగతి ఒకటి చెప్తాను. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మా కాలేజీ ఫెస్ట్‌లో బ్యాండ్ల పోటీ పెట్టారు. పోస్టర్ మీద 'రాక్ నైట్' అని పెద్దక్షరాలు. మేం ఐదుగురం కలిసి పేరిచ్చాం. నాది కీబోర్డు. పాడేది మా జూనియర్ అమ్మాయి. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే బ్యాండ్ 1977లో విడుదల చేసిన 'డ్రీమ్స్' అనే పాట ఎంచుకున్నాం. మెస్ వెనకాల గదిలో మూడు వారాలు ప్రాక్టీస్ చేశాం. ఆ రోజు ఆ అమ్మాయి చాలా బాగా పాడింది. హాల్లో చప్పట్లు కూడా గట్టిగానే పడ్డాయి.

తర్వాత జడ్జి మైక్ తీసుకుని, "బాగానే ఉందమ్మా, కానీ ఇది పాప్. ఇక్కడ జరుగుతున్నది రాక్ పోటీ. వచ్చేసారి రాక్ పట్టుకురండి" అన్నారు. ముందు వరసల్లో నవ్వులు. మాకు స్కోరే వేయలేదు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా నాతోపాటు కేబుళ్లు చుట్టిపెట్టి వెళ్లిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ పాడదాం రమ్మంటే, "నాది రాక్ గొంతు కాదులే అన్నా" అంది. అంతే, ఇక రాలేదు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే ఆ రోజు స్టేజీ మీదే ఒక జవాబు చెప్పాల్సింది. చెప్పలేకపోయాను, నాకు చరిత్ర తెలీదు. ఇవాళ కొంచెం తెలుసు. కాబట్టి ఈ ఎపిసోడ్‌ని ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

పుస్తకంలో ఉండే నిర్వచనం

ముందు మామూలు నిర్వచనం చూద్దాం. పాప్ పాట అంటే ఏంటి? ఒక్కసారి వింటే నోటికి పట్టేసే ట్యూన్. మన పల్లవిలాగా తిరిగి తిరిగి వచ్చే ఒక ముక్క. అన్నిటికంటే ముందు వినిపించే గొంతు. మూడు మూడున్నర నిమిషాల్లో ముగిసిపోయే నిడివి. రాసేవాళ్లు ఒకరు, పాడేవాళ్లు ఇంకొకరు, మొత్తాన్ని తీర్చిదిద్దే ప్రొడ్యూసర్ వేరొకరు అయినా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

రాక్ అంటే? ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్స్. ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెడుతూ రెండు దగ్గర, నాలుగు దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ దెబ్బే రాక్ నడక. గొంతు నున్నగా ఉండక్కర్లేదు, గిటార్ శబ్దం బరబరలాడినా ఫర్వాలేదు. ఇంకో ముఖ్యమైన నమ్మకం ఏంటంటే, బ్యాండ్ తన పాట తానే రాసుకోవాలి, తానే వాయించాలి.

ఈ రెండూ కలిస్తే పాప్ రాక్. అంటే రాక్ వాయిద్యాలు, రాక్ దరువు, వాటి మీద పాప్ ట్యూన్, పాప్ నిడివి. నిర్వచనంగా ఇది బాగానే పనికొస్తుంది. మీరు ఏ పాటైనా పెట్టుకుని ఈ కొలతలతో చూసుకోవచ్చు.

మరి చిక్కెక్కడ? ఇలా చెప్పినప్పుడు మనకు ఒక బొమ్మ కనిపిస్తుంది: ఎక్కడో పాప్ అనే నది, ఇంకెక్కడో రాక్ అనే నది, రెండూ ఒకరోజు కలిశాయి. చరిత్రలో జరిగింది అది కాదు. మొదట ఉన్నది ఒకటే నది. తర్వాత దాన్ని చీల్చారు. ఎవరు చీల్చారు, ఎందుకు చీల్చారు అన్నదే అసలు కథ.

ఒకే పాట, మూడు చార్టులు

1950ల అమెరికాకి వెళ్దాం. అప్పట్లో బిల్‌బోర్డ్ అనే పత్రిక ఏ పాట ఎంత అమ్ముడవుతోందో లెక్కలు వేసేది. ఆ లెక్కలు మూడు రకాలుగా ఉండేవి: పాప్, కంట్రీ అండ్ వెస్టర్న్, రిథమ్ అండ్ బ్లూస్. ఈ మూడోదాన్ని 1949 దాకా 'రేస్ రికార్డ్స్' అనేవాళ్లు. పేరులోనే విషయం తెలిసిపోతోంది కదా. నల్లజాతివాళ్ల పాటలు ఆ చార్టులోకి, తెల్లజాతివాళ్ల పాటలు మిగతా రెండిట్లోకి. అంటే అప్పటి 'పాప్' అనే మాట ఎక్కువగా కొనేవాళ్ల రంగునీ వాళ్లుండే పేటనీ చెప్పేది. సంగీతం గురించి అది చెప్పేది తక్కువే.

'హౌండ్ డాగ్' అనే పాట తీసుకోండి. లీబర్, స్టోలర్ అనే ఇద్దరు కుర్రాళ్లు రాశారు. 1952లో బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని దాన్ని రికార్డు చేసింది. మరుసటి ఏడాది అది రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో నంబర్ వన్. 1956లో అదే పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడాడు. లాస్ వేగాస్‌లో ఇంకో బ్యాండ్ దాన్ని మార్చి పాడుతుంటే విని తీసుకున్నాడు. ఎల్విస్ రికార్డు పాప్, కంట్రీ, రిథమ్ అండ్ బ్లూస్ మూడు చార్టుల్లోనూ పైకెక్కి కూర్చుంది. ఒకే పాట, మూడు గదుల తలుపులూ తీసేసింది. థార్న్‌టన్‌కి మాత్రం ఆ పాట వల్ల పెద్దగా డబ్బులు రాలేదు.

లిటిల్ రిచర్డ్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1955లో అతను 'టుట్టి ఫ్రుట్టి' అని అరుస్తూ, పియానో వాయిస్తూ పాడితే, కొన్నాళ్లకే ప్యాట్ బూన్ అనే తెల్లజాతి గాయకుడు అదే పాటను నున్నగా చేసి పాడాడు. పాప్ చార్టులో బూన్ పాటే పైన నిలిచింది. ఒకటే ట్యూన్, ఒకటే మాటలు. ఒకరిది గరుకు, ఇంకొకరిది నునుపు. 'పాప్ చేయడం' అంటే గరుకుని చెరిపేయడం అనే అభిప్రాయం ఇలాంటి అనుభవాల నుంచే పుట్టింది. ఆ కోపంలో న్యాయం ఉంది. అది గుర్తుపెట్టుకోండి.

కానీ కలయిక అన్నిసార్లూ దోపిడీ కాదు. బడ్డీ హాలీని చూడండి. కళ్లజోడు పెట్టుకున్న టెక్సాస్ కుర్రాడు. తన బ్యాండ్ క్రికెట్స్‌తో తనే పాటలు రాసుకుని, తనే గిటార్ వాయించాడు. 1958 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో ఒక పెద్ద వయొలిన్ల బృందాన్ని పెట్టుకుని కొన్ని పాటలు రికార్డు చేశాడు. రాక్ అండ్ రోల్ కుర్రాడు వెనక వయొలిన్లు! కొన్ని నెలలకే, 1959 ఫిబ్రవరి 3న విమాన ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 22. పాప్ రాక్‌కి పునాదిరాయి ఎక్కడ అని ఎవరైనా అడిగితే, నేను ఆ న్యూయార్క్ స్టూడియోనే చూపిస్తాను. విచిత్రం ఏంటంటే, అప్పటికి పాప్ రాక్ అన్న మాటతో ఎవరికీ పని లేదు. ఎందుకంటే కలపడానికి రెండు వేరువేరుగా లేవు.

బీటిల్స్ నేర్చుకున్న పాటలు

ఇప్పుడు సముద్రం దాటి ఇంగ్లండ్‌కి వెళ్దాం. లివర్‌పూల్‌లో బడ్డీ హాలీ పిచ్చి పట్టిన కుర్రాళ్లు కొందరున్నారు. క్రికెట్స్ అనేది పురుగు పేరు కాబట్టి వీళ్లూ ఒక పురుగు పేరు వెతుక్కుని, స్పెల్లింగ్ కొంచెం మార్చి, బీటిల్స్ అయ్యారు.

వాళ్ల మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' 1963 మార్చిలో వచ్చింది. అందులో 14 పాటలు. వాటిలో పదింటిని ఫిబ్రవరి 11న ఒక్క రోజులో రికార్డు చేశారు. ఆరు పాటలు వేరేవాళ్లవి. ఆ ఆరింటిలో మూడు, అమెరికాలోని నల్లజాతి అమ్మాయిల బృందాలు పాడినవి. షిరెల్స్ పాడినవి రెండు, కుకీస్ పాడినది ఒకటి. కుకీస్ పాటను రాసింది క్యారోల్ కింగ్, ఆమె భర్త జెర్రీ గోఫిన్. న్యూయార్క్ బ్రాడ్‌వే మీద చిన్న చిన్న గదుల్లో పియానో ముందు కూర్చుని, ఆఫీసు పనిలాగా రోజూ పాటలు తయారుచేసే రచయితల్లో వాళ్లు ఇద్దరు. షిరెల్స్‌ని అమెరికా చార్టులో మొదటి స్థానానికి చేర్చిన పాటను రాసేనాటికి క్యారోల్ కింగ్ వయసు 18.

అంటే ఏంటి? ప్రపంచంలోనే పెద్ద రాక్ బ్యాండ్ అని మనం చెప్పుకునేవాళ్లు, అమ్మాయిల పాప్ పాటలు పాడుతూ మొదలయ్యారు. వాళ్లకి అందులో నామోషీ ఏమీ కనిపించలేదు. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో వాళ్లు పాడితే దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. ఆ ఏడాది ఏప్రిల్ 4 నాటి బిల్‌బోర్డ్ చార్టులో మొదటి ఐదు స్థానాలూ వాళ్లవే. 1965లో 'యెస్టర్‌డే' వచ్చింది. ఒక్క గిటార్, ఒక్క గొంతు, వెనక రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. డ్రమ్ అన్నదే లేదు. ఇది పాపా, రాకా? అప్పట్లో ఎవరికీ ఆ ప్రశ్నే రాలేదు. రేడియోలో వచ్చింది, జనం విన్నారు, అంతే.

1967: గోడ కట్టిన ఏడాది

మరి గోడ ఎప్పుడు లేచింది? నేను 1967 చుట్టూ అంటాను. ఆ గోడకి ఇటుకలు వేసినవాటిలో ముందు చెప్పాల్సింది ప్లాస్టిక్ పళ్లెం గురించి. నవ్వకండి, నిజం.

పాత 78 ఆర్‌పీఎం రికార్డు మీద ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. పాప్ పాట మూడు నిమిషాలు ఉండటానికి మూలం అదే. 1948లో కొలంబియా కంపెనీ ఎల్‌పీ తెచ్చింది. ఒక్కో వైపు 20 నిమిషాలకి పైగా పడుతుంది. మరుసటి ఏడాది ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ 45 ఆర్‌పీఎం చిన్న రికార్డు తెచ్చింది. దాన్నే సింగిల్ అన్నారు. చిన్న రికార్డు చవక, పాకెట్ మనీతో పిల్లలు కొనుక్కునేది. పెద్ద రికార్డు ఖరీదు, కాలేజీ కుర్రాళ్లు కూర్చుని తిరగేస్తూ మరగేస్తూ వినేది. మెల్లమెల్లగా చిన్న పళ్లెం 'పాప్' అయింది, పెద్ద పళ్లెం 'రాక్' అయింది.

రేడియో కూడా రెండుగా చీలింది. ఏఎం స్టేషన్లు హిట్ సింగిల్స్‌నే తిప్పి తిప్పి వేసేవి. ఎఫ్ఎం స్టేషన్లు అంతకుముందు ఏఎంలో వచ్చేదాన్నే మళ్లీ వేస్తూ ఉండేవి. అలా వేయకూడదు, సొంత కార్యక్రమాలు ఉండాలి అని ప్రభుత్వం నిబంధన పెట్టింది. దాంతో 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేఎంపీఎక్స్ లాంటి ఎఫ్ఎం స్టేషన్లు పొడవాటి ఆల్బమ్ పాటలు వేయడం మొదలుపెట్టాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చే ఉదాహరణ ఉంది. డోర్స్ బ్యాండ్ పాట 'లైట్ మై ఫైర్'. ఆల్బమ్‌లో అది సుమారు ఏడు నిమిషాలు. మధ్యలో ఆర్గాన్, గిటార్ పొడవుగా సాగుతాయి. సింగిల్‌గా వేయాలంటే కుదరదు కదా, అందుకని మధ్య భాగం కత్తిరించి మూడు నిమిషాల లోపు చేశారు. 1967 జులైలో ఆ చిన్న వెర్షన్ నంబర్ వన్ అయింది. ఒకటే బ్యాండ్, ఒకటే రికార్డింగ్. కత్తిరిస్తే పాప్, కత్తిరించకపోతే రాక్! ఇవాళ ఒక పాటలోంచి 30 సెకన్లు కోసి రీల్ చేస్తున్నాం కదా, సరిగ్గా అలాంటి పనే. కోసినంత మాత్రాన పాట కులం మారిపోతుందా చెప్పండి?

అదే ఏడాది జూన్‌లో కాలిఫోర్నియాలో ఒక పెద్ద సంగీతోత్సవం జరిగింది. జిమి హెండ్రిక్స్ గిటార్‌కి నిప్పు పెట్టింది అక్కడే. జానిస్ జాప్లిన్, హూ బ్యాండ్, మన పండిట్ రవిశంకర్ గారు కూడా అక్కడే వాయించారు. రాక్ చరిత్రలో అంత పెద్ద పేరున్న ఆ ఉత్సవం పేరేంటో తెలుసా? మాంటెరీ ఇంటర్నేషనల్ పాప్ ఫెస్టివల్. పాప్! మా జడ్జి గారు అక్కడ ఉంటే హెండ్రిక్స్‌కి కూడా స్కోరు ఎలా వేయాలో తేలేది కాదేమో. కొన్ని వారాల తర్వాత అదే హెండ్రిక్స్, మంకీస్ అనే టీవీ బ్యాండ్ టూర్‌లో ముందుగా వాయించే ఆర్టిస్ట్‌గా వెళ్లాడు. అక్కడి పిల్లలు మంకీస్ కోసం అరుస్తుంటే కొద్ది షోలకే బయటికొచ్చేశాడు. గోడ లేస్తున్న చప్పుడు అక్కడే వినిపిస్తుంది.

ఆ నవంబర్‌లో రోలింగ్ స్టోన్ పత్రిక మొదలైంది. మొదటి సంచిక ముఖచిత్రం జాన్ లెనన్. పాటని సీరియస్‌గా తీసుకుని రాసే విమర్శకులు వచ్చారు, మంచిదే. కానీ సీరియస్ అయినది 'రాక్' అని, కానిది 'పాప్' అని ఒక ముద్ర పడటం మొదలైంది.

ఆ ముద్రలో ఎంత పక్షపాతం ఉందో చూడండి. మంకీస్ తమ మొదటి ఆల్బమ్‌లలో వాయిద్యాలు చాలావరకు తాము వాయించలేదు, స్టూడియో వాద్యకారులు వాయించారు. అది బయటపడ్డాక 'డూప్లికేట్ బ్యాండ్' అని ఎగతాళి చేశారు. కానీ బర్డ్స్ అనే గౌరవనీయమైన బ్యాండ్ 1965లో నంబర్ వన్ చేసిన 'మిస్టర్ టాంబరీన్ మ్యాన్' పాటలో కూడా బ్యాండ్‌లో వాయించింది ఒక్క రోజర్ మెగ్విన్ మాత్రమే. మిగతా వాయిద్యాలన్నీ స్టూడియో వాద్యకారులవే. వాళ్ల గౌరవానికి ఏమీ కాలేదు. ఎందుకు? నాకు అనిపించేది ఏంటంటే, మంకీస్ అభిమానులు ఎక్కువమంది చిన్నపిల్లలు, ఆడపిల్లలు. వాళ్లకి నచ్చింది కాబట్టి అది 'ఉత్త పాప్'. అక్కడ కొలిచింది సంగీతాన్ని కాదు, వినేవాళ్లని.

మళ్లీ ఆ పాట దగ్గరికి

గోడ కట్టాక దాని మీద కూర్చునేవాళ్లకి ఒక పేరు కావాలి కదా. పాప్ రాక్ అన్న మాటకి అసలు పని అప్పుడు పడింది. 1970ల్లో దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ, మేం వాయించిన ఆ 'డ్రీమ్స్' పాటే.

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 1967లో లండన్‌లో పుట్టినప్పుడు పక్కా బ్లూస్ బ్యాండ్. డ్రమ్స్ మిక్ ఫ్లీట్‌వుడ్, బేస్ జాన్ మెక్‌వీ. బ్యాండ్ పేరు వాళ్లిద్దరి పేర్ల నుంచే వచ్చింది. గిటారిస్టులు మారారు, గాయకులు మారారు, ఆ ఇద్దరూ మారలేదు. 1975 మొదలయ్యేసరికి కాలిఫోర్నియా నుంచి స్టీవీ నిక్స్, లిండ్సీ బకింగ్‌హామ్ చేరారు. 1977లో 'రూమర్స్' ఆల్బమ్ వచ్చింది. అది తయారవుతున్నప్పుడు బ్యాండ్‌లో జాన్, క్రిస్టీన్ మెక్‌వీ దంపతులు విడిపోతున్నారు. స్టీవీ, లిండ్సీ విడిపోతున్నారు. మిక్ ఇంట్లో కూడా అదే పరిస్థితి. రోజూ ఒకే స్టూడియోకి రావాలి, ఒకరి మీద ఒకరు రాసుకున్న పాటకి ఒకరు వాయించాలి. ఆ ఆల్బమ్ అమెరికాలో 31 వారాలు మొదటి స్థానంలో ఉంది. ప్రపంచమంతటా 4 కోట్లకి పైగా అమ్ముడైంది.

ఇప్పుడు 'డ్రీమ్స్'ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పాట దాదాపు రెండే కార్డ్స్ మీద నడుస్తుంది. కింద డ్రమ్స్, బేస్ వినండి. పదేళ్లు బ్లూస్ వాయించిన చేతులు అవి. తొందరపడవు, తొణకవు. ఇప్పుడు పైన గొంతు వినండి. ఒక్కసారి వింటే మర్చిపోలేని ట్యూన్. మధ్యలో గిటార్ మబ్బులాగా వచ్చి పోతుంటుంది. కింది భాగం తీసేస్తే పైన ట్యూన్ గాల్లో తేలిపోతుంది. పై భాగం తీసేస్తే కింద దరువు ఎక్కడికీ పోకుండా తిరుగుతూ ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పాప్ రాక్ అంటే ఏంటని నన్ను ఒక్క పాటలో చెప్పమంటే ఇదే చెప్తాను.

2020లో ఒకతను స్కేట్‌బోర్డు మీద జ్యూస్ తాగుతూ వెళ్తున్న వీడియోకి ఈ పాట పెడితే, అది వైరలై, 43 ఏళ్ల పాట మళ్లీ చార్టుల్లోకి వచ్చింది. దాన్ని షేర్ చేసిన పిల్లలు ఇది పాపా రాకా అని అడిగి షేర్ చేయలేదు.

ఒక ఆల్బమ్, మూడు అవార్డులు

గోడ ఎంత గట్టిదో, ఎంత బోలుదో చూపించే ఇంకో కథ 1983ది. 1981 ఆగస్టు 1న మొదలైన ఎంటీవీ, తనది రాక్ ఛానల్ అని చెప్పుకునేది. నల్లజాతి కళాకారుల వీడియోలు అందులో చాలా తక్కువ. 1983లో గాయకుడు డేవిడ్ బోవీ, ఎంటీవీకే ఇచ్చిన ఇంటర్వ్యూలో ఎందుకిలా అని మొహం మీదే అడిగాడు. గమనించారా? 1949లో 'రేస్ రికార్డ్స్' అనే పేరు పోయింది కానీ, పాత గది అలాగే ఉంది. ఈసారి తలుపు మీద రాసిన పేరు 'రాక్'. రాక్ అండ్ రోల్‌ని పుట్టించినవాళ్లనే రాక్ గుమ్మం బయట నిలబెట్టారు.

అప్పుడే మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బమ్ వచ్చింది. ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్ ఒక రాక్ పాట కూడా కావాలన్నాడు. అలా వచ్చిందే 'బీట్ ఇట్'. అందులో గిటార్ సోలో కోసం హార్డ్ రాక్ హీరో ఎడ్డీ వాన్ హేలెన్‌ని పిలిచారు. అతను డబ్బులు తీసుకోకుండా వాయించి వెళ్లాడు. 'బిల్లీ జీన్', 'బీట్ ఇట్' వీడియోలతో ఎంటీవీ తలుపులు తెరుచుకున్నాయి.

1984 గ్రామీ అవార్డుల్లో ఏం జరిగిందో చూడండి. మగ గాయకుల విభాగాల్లో 'థ్రిల్లర్' పాటకి పాప్ అవార్డు, 'బీట్ ఇట్'కి రాక్ అవార్డు, 'బిల్లీ జీన్'కి రిథమ్ అండ్ బ్లూస్ అవార్డు. మూడూ ఒకే మనిషికి, ఒకే ఆల్బమ్‌కి! ఎల్విస్ తెరిచిన మూడు తలుపుల్నే, 28 ఏళ్ల తర్వాత ఒక నల్లజాతి కళాకారుడు తన పాటలతో తెరిచాడు. ఒకే గొంతుకి మూడు పేర్లు పెట్టొచ్చంటే, తేడా గొంతులో ఉందా, పేర్లలో ఉందా?

ఆ తర్వాతి కథ మీకు చాలావరకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 2004లో కెల్లీ క్లార్క్‌సన్ 'సిన్స్ యూ బీన్ గాన్' వచ్చింది. టీవీ పాటల పోటీలో గెలిచిన అమ్మాయి, వెనక గట్టి గిటార్లు. దాన్ని రాసినవాళ్లలో ఒకడైన మ్యాక్స్ మార్టిన్, పాప్ హిట్లకి పేరు మోసిన స్వీడన్ రచయిత. అతను కుర్రతనంలో మెటల్ బ్యాండ్‌లో పాడినవాడే. అదే ఏడాది కెలెఫా సానే అనే విమర్శకుడు న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. రాక్ కొలబద్దతోనే అన్ని పాటల్నీ కొలవడం అన్యాయం అన్నది దాని సారాంశం. 2021లో ఒలీవియా రోడ్రిగో 'గుడ్ ఫర్ యూ' హిట్ అయ్యాక, పారామోర్ అనే రాక్ బ్యాండ్ పాత పాటతో పోలిక ఉందని ఆ బ్యాండ్‌వాళ్లిద్దరి పేర్లు రచయితల జాబితాలో చేర్చారు. థార్న్‌టన్ కాలంతో పోలిస్తే ఇది ముందడుగే. పాత పాట రుణాన్ని కాగితం మీద ఒప్పుకున్నారు.

మన దగ్గర సంగతి

మన తెలుగులో ఈ గోడ ఎప్పుడూ అంత గట్టిగా లేదు. మన దగ్గర 'పాప్' అంటే చాలాకాలం సినిమాలో లేని పాట, ప్రైవేట్ ఆల్బమ్ అనే అర్థం. అసలు గోడ సినిమాకీ సినిమా కానిదానికీ మధ్యే. ఆ గోడ దాటి వచ్చినవారు రమణ గోగుల గారు. ముందు ఇండీ పాప్ ఆల్బమ్ చేసి, తర్వాత సినిమాల్లోకి వచ్చారు. 1999లో 'తమ్ముడు', 2000లో 'బద్రి' పాటలు వినండి. గిటార్, డ్రమ్స్ బ్యాండ్ పద్ధతిలో ఉంటాయి, ట్యూన్ మాత్రం బస్సులో కండక్టర్ కూడా కూనిరాగం తీసేలా ఉంటుంది. దాన్ని పాప్ రాక్ అని అప్పుడు మనం అనలేదు. పవన్ కల్యాణ్ పాటలు అన్నాం, అంతే. చాలా ఏళ్ల తర్వాత 2025 సంక్రాంతి సినిమాలో అదే గొంతు గోదారి గట్టు గురించి పాడితే ఊరూరా మోగింది.

గోదారి అన్నాను కాబట్టి చెప్తున్నాను, మాది కోనసీమ. మా నది ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని పాయలుగా చీలుతుంది. పేర్లు వేరు, రేవులు వేరు. నీళ్లు మాత్రం పైనుంచి వచ్చినవే. ఆ పాయల మధ్య ఉన్న నేలే మా కోనసీమ. పచ్చగా ఉండేది ఆ మధ్య నేలే. నన్నడిగితే పాప్ రాక్ అలాంటిదే. అది రెండు నదుల సంగమం కాదు, చీలిన ఒకే నది మధ్యలో మిగిలిన నేల. రెండు వైపులా నీళ్లు అందుతాయి కాబట్టే అక్కడ అంత పంట.

అందుకని నిర్వచనం మానేయమని నేను అనడం లేదు. పాప్, రాక్ అనే మాటలు పనికొస్తాయి. పాటలో ఏ భాగం ఏ పని చేస్తోందో చెప్పుకోడానికి అవి కావాలి. కానీ ఆ మాటలు పాట పక్కన ఉండాలి, పాడేవాళ్ల నెత్తిన కాదు. 'ఇది పాప్' అని ఎవరైనా తీసిపారేస్తే ఒక్క ప్రశ్న అడగండి: "మీరు కొలుస్తున్నది పాటనా, పాడేవాళ్లనా, వినేవాళ్లనా?" ఆ రోజు స్టేజీ మీద నేను అడగాల్సింది ఇదే.

ఆ జడ్జి గారి మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయనకి ఎవరో నేర్పిన గోడే ఆయన మాకు చూపించారు. కానీ మా జూనియర్‌కి మాత్రం ఒక మాట బాకీ ఉన్నాను. ఈ ఎపిసోడ్ పెట్టగానే మొదటి లింక్ తనకే పంపిస్తున్నాను. చెల్లీ, నీది రాక్ గొంతు కాదని నీకు చెప్పినవాళ్లకి రాక్ చరిత్ర తెలీదు. బిగ్ మామా థార్న్‌టన్, షిరెల్స్, స్టీవీ నిక్స్ అందరూ నీ వైపే ఉన్నారు. కీబోర్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ పాటకి రెండే కార్డ్స్, నేనింకా మర్చిపోలేదు.

సరే ఫ్రెండ్స్, ఇవాళ్టికి ఇంతే. ఇప్పుడు చెప్పిన పాటల్లో కనీసం రెండు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఒకసారి కింద డ్రమ్స్, బేస్ మాత్రమే, ఇంకోసారి పైన గొంతు మాత్రమే. తర్వాత రెండూ కలిపి వినండి. నేను ఇన్ని మాటల్లో చెప్పింది అక్కడ మూడు నిమిషాల్లో వినిపిస్తుంది. మళ్లీ కలుద్దాం.